ఒకే గడ్డకు రెండు అంకెలు: క్యాన్సర్ రిపోర్టులో మార్కర్ల కొలత ఎందుకు మారుతుంది?

పోయిన నెల ఒక మిత్రుడు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. వాళ్ల అక్కయ్య రొమ్ము క్యాన్సర్ రిపోర్టులవి. మొదటిది సూదితో తీసిన బయాప్సీది. అందులో కీ-67 24% అని ఉంది. రెండోది మూడు వారాల తర్వాత ఆపరేషన్‌లో తీసిన గడ్డది, వేరే ల్యాబు ఇచ్చింది. అందులో కీ-67 12%. మధ్యలో మందులేవీ వాడలేదు. ఫొటోల కింద ఒక్క లైను రాశాడు: "వీటిలో ఏది తప్పు? కీమో ఇవ్వాలా వద్దా అనేది దీన్నిబట్టే ఉంటుందంటున్నారు, అందరికీ టెన్షన్‌గా ఉంది."

రెండూ తప్పు కాకపోవచ్చు అంటే నమ్మలేదు. నమ్మకపోవడం సహజమే. రిపోర్టులో అంకె కనిపిస్తే అది తూకం వేసి రాసిందనే అనుకుంటాం. హిమోగ్లోబిన్‌కు గ్రాములున్నాయి, షుగర్‌కు మిల్లీగ్రాములున్నాయి. మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి లోపల ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణం ప్రతి ల్యాబుకూ దొరుకుతుంది. గడ్డ ముక్క మీద చేసే మార్కర్ పరీక్షలకు అలాంటి ఏర్పాటు చాలాకాలం లేదు, ఇప్పటికీ పూర్తిగా రాలేదు. అక్కడ కొలబద్ద మనిషి కన్ను, ఆ కన్ను చూసేది రంగు. రంగు ఎంత ముదురుగా పడిందనేది గడ్డ స్వభావంతో పాటు మరో పదీ పదిహేను విషయాల మీద ఆధారపడుతుంది.

మార్కర్ అంటే ఏమిటి, రంగు ఎలా పడుతుంది

ఒక కణం తయారుచేసే ప్రోటీన్లను బట్టి దాని తీరు చాలావరకు తెలుస్తుంది. అలా తీరు పట్టించే ప్రోటీన్‌నే మార్కర్ అంటారు. రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో మామూలుగా నాలుగు ఉంటాయి. ఈఆర్, పీఆర్ అనేవి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు. కణం మధ్యలోని కేంద్రకంలో ఉంటాయి. ఈఆర్ ఉంటే టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ మందులు పనిచేసే అవకాశం ఉంటుంది. హెర్2 కణం పైపొర మీద ఉంటుంది. అది బాగా ఎక్కువగా ఉంటే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు ఇస్తారు.

నాలుగోది కీ-67. దీనికి సొంతంగా మందు లేదు. విభజన పనిలో ఉన్న కణాల్లో మాత్రమే ఈ ప్రోటీన్ కనిపిస్తుంది, విశ్రాంతిలో ఉన్న కణంలో కనిపించదు. కాబట్టి నూటికి ఎన్ని కణాల్లో ఉందో లెక్కపెడితే గడ్డ ఎంత జోరుగా పెరుగుతోందో అంచనా వస్తుంది. పేరు వెనుక గూఢార్థమేమీ లేదు. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో దీని యాంటీబాడీని కనుగొన్నారు. పరీక్ష పళ్లెంలో అది దొరికిన గుంట సంఖ్య 67. అంతే.

పరీక్ష పేరు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, ల్యాబుల్లో ఐహెచ్‌సీ అంటారు. గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, తర్వాత మైనంలో పోతపోసి బ్లాకు చేస్తారు. బ్లాకు నుంచి సుమారు 4 మైక్రాన్ల పొర కోస్తారు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతు. ఆ పొరను గాజు స్లైడ్ మీదికి తీసుకుని, కావలసిన ప్రోటీన్‌కు మాత్రమే అతుక్కునే యాంటీబాడీని పోస్తారు. అది అతుక్కున్న చోట గోధుమ రంగు వచ్చేలా ఇంకో రసాయన చర్య జరిపిస్తారు. మిగతా కేంద్రకాలకు నీలం రంగు వేస్తారు. మైక్రోస్కోప్ కింద గోధుమ రంగు కనిపిస్తే పాజిటివ్, ఉత్త నీలమైతే నెగటివ్.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ గోధుమ రంగు నేరుగా వచ్చిందేమీ కాదు, కంటికి ఆనేలా ఎన్నో రెట్లు పెంచి చూపించినది. రంగు రెండింతలు ముదిరితే ప్రోటీన్ రెండింతలు ఉన్నట్టు లెక్క కాదు. పరీక్ష పుట్టింది "ఉందా, లేదా" అని తేల్చడానికి. "ఎంత ఉంది" అని మనం తర్వాత అడగడం మొదలుపెట్టాం. ఈ వ్యాసంలోని చిక్కులన్నీ చివరికి అక్కడికే చేరతాయి.

తేడా సీసాలోనే మొదలవుతుంది

రెండు అంకెలు వేరుగా వస్తే ముందు మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్న డాక్టర్‌ను, అంటే ప్యాథాలజిస్ట్‌ను అనుమానిస్తాం. కానీ కథ అంతకు చాలా ముందే, ఆపరేషన్ థియేటర్‌లో మొదలవుతుంది. గడ్డ తీశాక ఎంతసేపటికి ఫార్మలిన్‌లో వేశారు? రక్తం అందడం ఆగిన దగ్గర్నుంచి కణంలోని ప్రోటీన్లు పాడవడం మొదలవుతుంది. అమెరికాలోని క్లినికల్ ఆంకాలజీ సొసైటీ, ప్యాథాలజిస్టుల కాలేజీ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలనే చాలా దేశాల ల్యాబులు అనుసరిస్తాయి. వాటి ప్రకారం ఆ వ్యవధి గంట దాటకూడదు. తర్వాత 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉంచాలి. పెద్ద ముక్కైతే అర సెంటీమీటర్ మందాన బిళ్లలుగా కోసి మరీ వేయాలి.

ఎందుకు కోయాలో ఆవకాయ పెట్టే ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. కాయను కొట్టకుండా నిండు కాయగా జాడీలో పడేస్తే ఉప్పు పైపైన పట్టి, లోపలికి దిగేలోపే కాయ చెడుతుంది. ఫార్మలిన్ మొదట్లో గంటకు సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పున లోపలికి దిగుతుంది, పోనుపోనూ ఇంకా నెమ్మదిస్తుంది. ఆరు సెంటీమీటర్ల మందం ఉన్న రొమ్ము భాగాన్ని కోయకుండా బకెట్‌లో వేశారనుకుందాం. నడిమికి దూరం 30 మిల్లీమీటర్లు. వేగం తగ్గకపోయినా 30 గంటలు పడుతుంది. గడ్డ ఉండేది తరచుగా ఆ నడిమిలోనే. బయాప్సీ సూదితో వచ్చే ముక్క మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి ఫార్మలిన్ తొందరగా పడుతుంది. అందుకే ఈఆర్, హెర్2 పరీక్షలకు బయాప్సీ ముక్కే నయమని చాలామంది ప్యాథాలజిస్టులు అంటారు. మా మిత్రుడి చేతిలోని రెండు రిపోర్టుల్లో ఒకటి సూదిది, ఒకటి ఆపరేషన్‌ది అన్న సంగతి అందుకే ముఖ్యం.

ఆరోగ్య విషయాలు రాసే పనిలో ల్యాబుల్లో కొంత తిరిగాను. ఒకచోట శాంపిళ్లు దింపుకునే బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. బస్సు పార్సిల్‌లో వచ్చిన ఒక సీసా తీశారు. మూతి ఇరుకు, ముక్క పెద్దది. వేసేటప్పుడు కుక్కారు, గట్టిపడ్డాక బయటికి రావడం లేదు. ముక్క చుట్టూ ఫార్మలిన్ అర అంగుళం కూడా లేదు. లేబుల్ మీద పేరు, వయసు, తేదీ శుభ్రంగా రాసి ఉన్నాయి. ఎన్ని గంటలకు తీశారు, ఎన్ని గంటలకు ఫార్మలిన్‌లో వేశారు అనే రెండు గడులూ ఖాళీ. టెక్నీషియన్ వాటి మీద అడ్డంగా గీత కొట్టి ముక్క లోపలికి తీసుకెళ్లింది. రిపోర్టులో ఆ గీత కనిపించదు. శాతం మాత్రం కనిపిస్తుంది.

మరిగించడం, యాంటీబాడీ ఎంచుకోవడం

ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి కట్టేస్తుంది. అలా కట్టేసినందువల్లే ముక్క చెడదు. అదే కారణంతో యాంటీబాడీకి అతుక్కునే చోటు దొరకదు. 1991లో ఒక పరిశోధక బృందం స్లైడ్‌ను మైక్రోవేవ్‌లో మరిగిస్తే ఆ ముడులు విడిపోయి ప్రోటీన్ మళ్లీ బయటపడుతుందని చూపించింది. ఇప్పుడు ప్రతి ల్యాబూ అదే చేస్తుంది. ఎంతసేపు మరిగించాలి, ఆమ్లం ఉన్న ద్రావణంలోనా క్షార ద్రావణంలోనా అన్నదాన్నిబట్టి రంగు మారిపోతుంది.

యాంటీబాడీ కూడా ఒకటే రకం కాదు. ఒకే ప్రోటీన్‌కు వేర్వేరు కంపెనీల యాంటీబాడీలు వేర్వేరు చోట్ల అతుక్కుంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చూసే పీడీ-ఎల్1 మార్కర్ దగ్గర ఇది బాగా బయటపడింది. నాలుగు మందులు వచ్చాయి, ఒక్కో మందుతో ఒక్కో టెస్టు వచ్చింది: 22సీ3, 28-8, ఎస్‌పీ263, ఎస్‌పీ142. బ్లూప్రింట్ అనే అధ్యయనంలో అవే గడ్డలను నాలుగింటితోనూ పరీక్షిస్తే మొదటి మూడూ దగ్గర దగ్గరగా వచ్చాయి. ఎస్‌పీ142 మాత్రం క్యాన్సర్ కణాలను తక్కువగా చూపించింది. గడ్డ మారలేదు, మారింది టెస్టే.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఏం జరిగింది

ఇదంతా ల్యాబు వాళ్ల చాదస్తం అనిపిస్తే కెనడా తూర్పు అంచున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ కథ తెలుసుకోవాలి. అక్కడ 1997 నుంచి రొమ్ము క్యాన్సర్ గడ్డలకు ఈఆర్ పరీక్షను ఐహెచ్‌సీ పద్ధతిలో చేస్తూ వచ్చారు. 2005లో ఒక రోగి ఫలితం అనుమానం రేపింది. ఆమెది లోబ్యులర్ రకం క్యాన్సర్. ఆ రకంలో దాదాపు అందరికీ ఈఆర్ పాజిటివ్ వస్తుంది, ఆమెకు మాత్రం నెగటివ్ అని ఉంది. కొత్త మిషన్ మీద మళ్లీ చేస్తే పాజిటివ్ వచ్చింది. పాత నెగటివ్‌లను మరికొన్నిటిని తీసి చూశారు. అవీ మారాయి. చివరికి 1997-2005 మధ్య వచ్చిన నెగటివ్ బ్లాకులను టొరంటోకు పంపి మళ్లీ పరీక్ష చేయించారు.

దాదాపు 400 మంది ఫలితం తప్పని తేలింది. హార్మోన్ మందు పనిచేసే అవకాశం ఉన్నా అందని మనుషులు వాళ్లు. వాళ్లలో 100 మందికి పైగా విచారణ నాటికే చనిపోయారు. అందులో టెస్టు తప్పిదం వాటా ఎంతో ఎవరూ తేల్చి చెప్పలేరు. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ జరిపి 2009లో నివేదిక ఇచ్చారు.

ఆ నివేదికలో ఒక్క విలన్ అంటూ దొరకడు. నాణ్యతను చూసుకునే పద్ధతి లేదు, బయటి వాళ్లతో సరిపోల్చుకునే ఏర్పాటు లేదు, పర్యవేక్షణ అన్ని స్థాయుల్లోనూ లోపించింది. రోగులకు విషయం చెప్పడంలోనూ ఆలస్యం జరిగింది. నన్ను ఇందులో ఎక్కువగా ఆపేది ఇంకొకటి. ఈ పరీక్షలో పొరపాటు జరిగితే అది పొరపాటులా కనిపించదు. రంగు పడకపోతే స్లైడ్ శుభ్రంగా, నీలంగా, అందంగా ఉంటుంది. నిజమైన నెగటివ్ కూడా అచ్చం అలాగే ఉంటుంది.

అందుకే మంచి ల్యాబుల్లో రోగి ముక్క ఉన్న స్లైడ్ మీదే ఒక మూల టాన్సిల్ ముక్కో, గర్భాశయ ముఖద్వారం ముక్కో అతికిస్తారు. దానిలో ఏ కణాలకు రంగు పడాలో, ఎంత పడాలో ముందే తెలుసు. అక్కడ పడకపోతే ఆ స్లైడ్ మొత్తం పక్కన పెట్టేస్తారు. డెన్మార్క్‌లో 2003లో మొదలైన నార్డిక్యూసీ అనే సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. ఒకే బ్లాకు నుంచి కోసిన పొరలను వందలాది ల్యాబులకు పంపి, వాళ్లు రంగు వేసి తిప్పి పంపితే నిపుణులతో మార్కులు వేయిస్తుంది. వాళ్లు 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం రొమ్ము క్యాన్సర్ మార్కర్లలో సుమారు 20%, మిగతా మార్కర్లలో సుమారు 30% స్లైడ్లు సరిపోలేదు. సరిపోని వాటిలో పదింట తొమ్మిది రంగు చాలకపోవడం వల్లే. ఇవి పరీక్షకు తమంతట తాము ముందుకొచ్చిన ల్యాబుల అంకెలు. రానివాళ్ల సంగతి ఇందులో లేదు.

కుంచం ఒకటే, కొలిచే చేతులు వేరు

ఫార్మలిన్ బాగా పట్టింది, రంగు బాగా పడింది అనుకుందాం. ఇక లెక్కపెట్టాలి. వెనక ధాన్యం కుంచాలతో కొలిచే రోజుల్లో తలకొట్టి కొలిచేవాళ్లు ఉండేవాళ్లు, రాశిగా పోసి కొలిచేవాళ్లూ ఉండేవాళ్లు. ఇద్దరూ "పది కుంచాలు" అనే చెప్పేవాళ్లు. కీ-67 లెక్క అలాంటిదే.

ఒక స్లైడ్ మీద నాలుగు చోట్ల తలా 100 క్యాన్సర్ కణాలు లెక్కపెట్టాం అనుకోండి. గోధుమ రంగు కణాలు వరసగా 38, 22, 9, 7 వచ్చాయి. గడ్డలో పెరుగుదల అంతటా సమానంగా ఉండదు, అంచుల దగ్గర ఎక్కువ ఉండొచ్చు. అన్నిటికంటే జోరుగా ఉన్న చోటే చూడాలి అనే ప్యాథాలజిస్ట్ 38% అని రాస్తారు. మొత్తం సగటు తీయాలి అనే ఆయన 400కు 76 లెక్కన 19% అని రాస్తారు. ఎక్కువ చోట్ల తక్కువే ఉంది కదా అని కంటి అంచనాతో చెప్పే మూడో ఆయన 10-15% అనొచ్చు. ముగ్గురూ చూసింది ఒకే స్లైడ్. ముగ్గురి దగ్గరా కారణం ఉంది.

ఎన్ని కణాలు లెక్కపెట్టారన్నది ఇంకో సంగతి. నిజంగా 20% ఉన్న గడ్డలో 100 కణాలే లెక్కపెడితే, ఏ తప్పూ చేయకపోయినా, ఎంపికలో వచ్చే తేడా వల్లే జవాబు 12 నుంచి 28 దాకా ఎక్కడైనా రావచ్చు. 500 లెక్కపెడితే ఆ పరిధి సుమారు 16.5 నుంచి 23.5కు తగ్గుతుంది. 1000 అయితే 17.5 నుంచి 22.5. రోజుకు డజన్ల కొద్దీ కేసులు చూసే డాక్టర్ ప్రతి స్లైడ్ మీదా వెయ్యి కణాలు లెక్కపెట్టాలంటే మిగతా పని అక్కడే ఆగిపోతుంది.

కీ-67 కోసం ఏర్పడిన అంతర్జాతీయ బృందం దీన్ని పరీక్షకు పెట్టి 2013లో ఫలితం ప్రచురించింది. అనుభవం ఉన్న 8 ల్యాబులకు అవే 100 గడ్డలు ఇచ్చారు. రంగు అంతా ఒకేచోట వేయించారు, లెక్కపెట్టడం మాత్రమే వీళ్ల పని. అయినా ల్యాబును బట్టి సగటు 7.1% నుంచి 23.9% దాకా వచ్చింది. రంగు కూడా ఎవరికి వాళ్లు వేసుకుంటే 6.1% నుంచి 30.1%. అదే మనిషి అదే స్లైడ్‌ను మళ్లీ చూస్తే మాత్రం తన పాత జవాబుకు బాగా దగ్గరగా చెప్పారు. అంటే ఎవరి కుంచం వాళ్ల దగ్గర నిలకడగానే ఉంది. లేనిది అందరికీ కలిపి ఒక కుంచం. తర్వాత ఎక్కడ, ఎన్ని, ఎలా లెక్కపెట్టాలో కంప్యూటర్ మీద ఒకే శిక్షణ ఇచ్చి చూస్తే పొంతన బాగా పెరిగింది. చాలా చిన్న మార్పుకు పెద్ద ఫలితమే.

ఈఆర్ విషయంలో గందరగోళం వేరే రకం. ఒక గడ్డలో 20% కణాలకు లేతగా, 30% కణాలకు మధ్యరకంగా, 10% కణాలకు ముదురుగా రంగు పడింది అనుకుందాం. ఒక ల్యాబు "60%" అని రాస్తుంది. ఇంకో ల్యాబు ఆల్‌రెడ్ స్కోరు వాడుతుంది. కణాల వాటాకు 4, రంగు సగటు ముదురుకు 2, మొత్తం 8కి 6. మూడో ల్యాబు హెచ్-స్కోరు వాడుతుంది. 20ని 1తో, 30ని 2తో, 10ని 3తో హెచ్చించి కలిపితే 110, గరిష్ఠం 300. 60%, 6/8, 110. తేడా ఉన్నట్టు కనిపించినా మూడూ ఒకే మాట చెబుతున్నాయి. రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని ఇంట్లో వాళ్లు అనవసరంగా హైరానా పడే సందర్భం ఇదే.

గీత ఎక్కడ గీయాలి

అంకె ఎంత సరిగ్గా వచ్చినా చికిత్సకు ఒక గీత కావాలి: ఇక్కడిదాకా ఇది, ఆపైన అది. ఆ గీతలూ కదులుతూ వచ్చాయి. ఈఆర్‌కు ఒకప్పుడు 10% దాటితేనే పాజిటివ్ అనేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. 2010లో అమెరికా మార్గదర్శకం 1% చాలు అంది. 2020లో 1 నుంచి 10% వాళ్లకు "తక్కువ పాజిటివ్" అనే వేరే పేరు పెట్టింది, ఆ గుంపులో హార్మోన్ మందు ఎంత పనిచేస్తుందో ఆధారాలు తక్కువని ఒప్పుకుంటూ. హెర్2లో పూర్తి ముదురు రంగు ఎన్ని కణాలకు ఉండాలన్నది మొదట 10%, 2007లో 30%, 2013లో మళ్లీ 10%.

కీ-67 గీత మరీ ఊగింది. సెయింట్ గాలెన్ నిపుణుల సదస్సు 2011లో 14% అంది, 2013 నాటికి 20% వైపు మొగ్గింది. 2021 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అబెమాసిక్లిబ్ అనే మందును, క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న తొలిదశ రోగుల్లో కీ-67 20% లేదా అంతకు మించి ఉన్నవాళ్లకే అనుమతించింది. 19% వస్తే లేదు, 20% వస్తే ఉంది. పైన చెప్పిన ఎనిమిది ల్యాబుల లెక్క గుర్తుంటే ఇది ఎంత సున్నితమైన గీతో అర్థమవుతుంది. 2023 మార్చిలో ఆ షరతును ఎఫ్‌డీఏ తీసేసింది.

అంతర్జాతీయ బృందం 2021లో ఇచ్చిన సలహా నాకు ఎక్కువ నిజాయితీగా తోస్తుంది. తొలిదశలో ఉండి, ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అయిన గడ్డల్లో కీ-67 5% లేదా అంతకు తక్కువైతే ముప్పు తక్కువ అనుకోవచ్చు, 30% లేదా అంతకు ఎక్కువైతే ముప్పు ఎక్కువ అనుకోవచ్చు. మధ్యలో ఉన్నదాని మీద ఒక్క ఈ అంకెతో నిర్ణయం తీసుకునేంత నమ్మకం లేదు. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది రోగులు ఆ మధ్యలోనే పడతారు, వాళ్లకు పనికిరాని కొలత ఎందుకు అన్నది వాళ్ల ప్రశ్న. దానికి అటు నుంచి వచ్చే జవాబు: జన్యు పరీక్షలు చేయించుకోలేని చోట చౌకగా దొరికే ఆధారం ఇదొక్కటే. తమాషా ఏమిటంటే, 21 జన్యువులను చూసే ఖరీదైన పరీక్షలో కూడా కీ-67 జన్యువు ఒకటి.

పాత తక్కెడతో కొత్త తూకం: హెర్2-లో

హెర్2 కథ ఇంకా చిక్కుది. మామూలు రొమ్ము కణం మీద హెర్2 అణువులు సుమారు 20,000 ఉంటాయి. హెర్2 జన్యువు విపరీతంగా పెరిగిన గడ్డలో ఒక్కో కణం మీద 20 లక్షల దాకా ఉండొచ్చు. 1998లో ట్రాస్టుజుమాబ్ వచ్చినప్పుడు దానితో పాటు వచ్చిన టెస్టు పని ఈ రెండు కొసలనూ విడదీయడమే. కణం పైపొర మీద రంగు పడిన తీరును బట్టి 0 నుంచి 3+ దాకా స్కోరు వేస్తారు. 0, 1+ అయితే నెగటివ్. 3+ అయితే పాజిటివ్. 2+ అయితే సందేహం, ఫిష్ అనే జన్యు పరీక్షకు పంపాలి. ఈ తక్కెడలో 0కీ 1+కీ మధ్య తేడాను ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకునే అవసరమూ లేదు. రెండిటికీ ఆ మందు లేదు కదా.

2022లో పరిస్థితి తిరగబడింది. డెస్టినీ-బ్రెస్ట్04 అనే ట్రయల్‌లో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందును, 1+ లేదా 2+ ఉండి ఫిష్ నెగటివ్ వచ్చిన, వ్యాధి ఒంట్లో పాకిన రోగులకు ఇచ్చారు. వ్యాధి ముదరకుండా ఉన్న కాలం మామూలు కీమోతో 5.1 నెలలు ఉండగా ఇందులో 9.9 నెలలకు పెరిగింది. ఈ గుంపుకు "హెర్2-లో" అని పేరొచ్చింది. ఒక్కసారిగా 0కీ 1+కీ మధ్య గీత చాలా ఖరీదైనదైపోయింది. ఆ గీతను పట్టుకోవడం మనుషులకు వస్తుందా? అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అదే ఏడాది 18 మంది ప్యాథాలజిస్టులకు అవే స్లైడ్లు చూపించారు. 2+, 3+ మధ్య పొంతన 58%. 0, 1+ మధ్య 26%.

వాళ్లకు చూడడం చేతకాలేదు అనుకుంటే పొరపాటు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద బంగారం పెట్టి ఎందుకు తప్పు చూపిస్తోంది అని అడిగినట్టుంటుంది. 20 లక్షల దగ్గర స్పష్టంగా కనిపించేలా తయారుచేసిన రంగు, కింది అంచున మినుకుమినుకుమంటుంది.

ఇక్కడ అభిప్రాయాలు మూడు దారులుగా చీలాయి. ముందు చెప్పిన అమెరికా మార్గదర్శకాల సంఘం 2023లో "హెర్2-లో" అనే కొత్త ఫలితం పేరును ఒప్పుకోలేదు. 0, 1+, 2+, 3+ యథాతథంగా రాసి, కింద మందు అర్హత గురించి ఒక వివరణ పెడితే చాలంది. ట్రయల్‌లో 0 వాళ్లను చేర్చనే లేదు కాబట్టి 0కీ 1+కీ జీవశాస్త్రపరంగా నిజమైన తేడా ఉందని రుజువు కాలేదన్నది వాళ్ల వాదం. దానికి తగ్గట్టే తర్వాతి ట్రయల్ 0లోనే లేశమాత్రం రంగు ఉన్న "అల్ట్రాలో" వాళ్లనూ చేర్చింది. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ వాళ్లకూ అనుమతి ఇచ్చింది. రెండో పక్షం కొలత శాస్త్రం నుంచి వచ్చినవాళ్లది. కింది అంచును కూడా చూపగల, ఎక్కువ సున్నితమైన టెస్టు కొత్తగా చేయాలి, దాన్ని అణువుల లెక్కతో సరిచూడాలి అంటారు. ఒక్కోదాని మీద ఎంత ప్రోటీన్ అతికించారో ముందే తెలిసిన సన్నని గాజు పూసలను స్లైడ్ మీద పెట్టి రోగి ముక్కతో పాటే రంగు వేసే పద్ధతి ఇప్పటికే తయారైంది. హిమోగ్లోబిన్‌కు ఉన్న నమూనా ద్రావణం లాంటిది ఇన్నాళ్లకు ఐహెచ్‌సీకి వచ్చిందన్నమాట. మూడో పక్షం క్యాన్సర్ డాక్టర్లది. రోగి ఎదురుగా కూర్చుని ఉంది, గీత తేలేదాకా ఆగలేం, పాత బ్లాకులన్నీ తీసి ఎక్కడైనా 1+ దొరికితే మందు ఇచ్చేస్తాం అంటారు. మందు ఖరీదు, ఊపిరితిత్తుల మీద దాని దుష్ప్రభావం తెలిసినవాళ్లు ఈ మాటకు కొంచెం తటపటాయిస్తారు. తప్పు అని మాత్రం అనలేరు.

కంప్యూటర్ లెక్కపెడితే?

స్లైడ్‌ను స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్‌తో కణాలు లెక్కపెట్టడం ఇప్పుడు చాలా చోట్ల ఉంది. కీ-67కు ఇది బాగా నప్పుతుంది. వెయ్యి కణాలు కాదు, యాభై వేలైనా క్షణాల్లో లెక్కపెడుతుంది, విసుగు రాదు. కానీ మధ్యలో ఉన్న మామూలు కణాలను, రక్తం నుంచి వచ్చిన లింఫోసైట్లు అనే తెల్లకణాలను క్యాన్సర్ కణాలుగా లెక్కేస్తే అంకె తప్పుతుంది. విభజనలో ఉన్న లింఫోసైట్లలోనూ కీ-67 ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు క్యాన్సర్ భాగం ఇదీ అని గీసి చూపించాలి. ఇక ఫార్మలిన్ సరిగ్గా పట్టని ముక్కలో రంగు పడకపోతే, పడని రంగును కంప్యూటర్ మహా కచ్చితంగా లెక్కపెడుతుంది.

ల్యాబుల వాళ్లలో ఇంకో వాదన సాగుతోంది. కంపెనీ ఇచ్చిన కిట్‌ను, మిషన్‌ను, వాళ్లు చెప్పిన నిమిషాలను పొల్లుపోకుండా వాడితే అందరికీ ఒకటే వస్తుంది కదా అన్నది ఒక పక్షం. ఎస్‌పీ142 ఉదాహరణ చూపి, అధికారిక కిట్ అన్నంత మాత్రాన అది మిగతావాటితో కలవాలని లేదు, చవక యాంటీబాడీతో సొంతంగా కుదుర్చుకున్న పద్ధతి కూడా బయటి పరీక్షలో నెగ్గితే చాలు అన్నది రెండో పక్షం. బడ్జెట్ తక్కువ ఉన్న ల్యాబులకు రెండో దారే అందుబాటులో ఉంటుంది. బయటి పరీక్షకు స్లైడ్లు పంపడం ఎవరి ఇష్టం వాళ్లది అయినచోట మాత్రం ఆ వాదనలో బలం తగ్గుతుంది.

మన దేశంలో ల్యాబులకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంది, ఐఎస్‌ఓ 15189 ప్రమాణం ప్రకారం ఇస్తుంది. ఆ గుర్తింపు ఉన్న ల్యాబు బయటి పోలిక పరీక్షల్లో పాల్గొనాలి. గుర్తింపు తీసుకోవడం మాత్రం స్వచ్ఛందం. పైగా అది ల్యాబు గుమ్మం లోపలి పనికి వర్తిస్తుంది. జిల్లా కేంద్రంలోని ఆపరేషన్ థియేటర్‌లో ఇరుకు మూతి సీసా దాని పరిధిలోకి రాదు.

మళ్లీ ఆ రెండు రిపోర్టులు

మా మిత్రుడి అక్కయ్య విషయంలో ఆంకాలజిస్ట్ రెండు బ్లాకులనూ తెప్పించారు. రెండిటి పొరలనూ ఒకే రోజు, ఒకే మిషన్‌లో, ఒకే యాంటీబాడీతో రంగు వేయించి, ఒకే ప్యాథాలజిస్ట్ చేత లెక్కపెట్టించారు. సూది ముక్కలో 21% వచ్చింది, ఆపరేషన్ ముక్కలో 15%. పన్నెండు పాయింట్ల తేడా ఆరుకు తగ్గింది. ఆపరేషన్ ముక్క నడిమిలో రంగు పల్చగా ఉందని, లెక్క అంచుల దగ్గర పెట్టానని ప్యాథాలజిస్ట్ ఒక వాక్యం రాశారు. ఆపరేషన్ ముక్క మీద అంతకుముందు వచ్చిన రిపోర్టులో అలాంటి వాక్యం లేదు.

పాత 14% గీత పెడితే పాత అంకెలు ఒకటి ఇటు, ఒకటి అటు. 20% పెట్టినా అంతే. కొత్త అంకెలు కూడా 20%కి చెరోవైపునే ఉన్నాయి. ఆంకాలజిస్ట్ 24, 12, 21, 15 నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి, చుట్టూ సున్నా చుట్టి, పక్కన పెన్సిల్‌తో "5-30 మధ్య" అని రాశారట. తర్వాత గ్రేడు, గడ్డ సైజు, చంకలోని లింఫ్ గ్రంథుల వివరాలు ఉన్న పేజీకి తిప్పి, కీమో గురించి మాట్లాడడం అక్కడినుంచి మొదలుపెట్టారు.